రెండు గొట్టాల ఊపిరి

శుక్రవారం సాయంత్రం మాదాపూర్‌లో లాప్‌టాప్ మూసి, రాత్రి రైలెక్కి, తెల్లారాక విశాఖలో దిగి రుషికొండ నీళ్లలో మునగడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. మణికట్టుకు డైవ్ కంప్యూటర్, ఒంటికి గాలి నింపుకునే జాకెట్, నోట్లో మెత్తగా ఊపిరినిచ్చే రెగ్యులేటర్. ఇన్ని ఉన్నా, నీటి అడుగున గాలి ఎలా అందుతోందో నాకు తెలిసింది మాత్రం, ఒక మిత్రుడు తెచ్చిన పాతకాలపు రెండు గొట్టాల రెగ్యులేటర్‌ను ఈతకొలనులో వాడిన రోజునే.

చూడటానికి అదొక గుండ్రటి ఇత్తడి డబ్బా, పైన క్రోమ్ పూత. వీపు మీది సిలిండర్ తలకు దాన్ని బిగిస్తారు. కుడి భుజం మీదుగా వచ్చే ముడతల గొట్టం గాలి తెస్తుంది. ఎడమ భుజం మీదుగా వెళ్లే గొట్టం మనం వదిలిన ఊపిరిని తిరిగి ఆ డబ్బా దగ్గరికే చేరుస్తుంది. వదిలిన గాలిని నోటి దగ్గరే నీళ్లలో కలిపేస్తే పోయేదానికి ఇంత దూరం తిప్పడం ఎందుకు?

జవాబు ఈ రెగ్యులేటర్ పుట్టుకలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పెట్రోలు కరవై కార్లను గ్యాస్‌తో నడిపేవారు. ఎయిర్ లిక్విడ్ సంస్థ ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ అందుకు తయారుచేసిన వాల్వును, నౌకాదళ అధికారి జాక్ కూస్తో కోసం మనిషి ఊపిరికి తగ్గట్టు మార్చాడు. మన వంటింటి గ్యాస్ రెగ్యులేటర్‌లో ఉన్నట్టే ఇందులోనూ డయాఫ్రమ్ అనే పలుచటి పొర ఉంటుంది. దానికి ఒకవైపు నీరు, మరోవైపు గాలి. పీల్చగానే పొర లోపలికి వంగి లివర్‌ను నొక్కుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. పీల్చడం ఆపితే మూసుకుంటుంది. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణం చొప్పున పెరిగే నీటి ఒత్తిడి కూడా ఆ పొర మీదే పడుతుంది కనుక, గాలీ అంతే ఒత్తిడితో అందుతుంది.

పారిస్ దగ్గర మార్న్ నదిలో తొలి పరీక్ష చేసినప్పుడు, కూస్తో నిలువుగా ఉంటే గాలి వృథాగా పొంగిపోయింది, తలకిందులైతే పీల్చడం కష్టమైంది. ఊపిరి బయటికి పోయే చోటూ డయాఫ్రమూ వేర్వేరు ఎత్తుల్లో ఉండటమే దానికి కారణం. జానెడు నీటి తేడా చాలు, వాల్వు తనంతట తాను తెరుచుకోడానికి. రెండింటినీ ఒక్కచోట పెట్టాక లోపం పోయింది. రెండో గొట్టం పుట్టింది అందుకే. 1943 వేసవికల్లా ఆ పరికరం మధ్యధరా సముద్రంలో పనిచేసింది.

ఇదంతా ఒళ్లు చెబుతుంది. బోర్లా ఈదుతుంటే వీపు మీది డయాఫ్రమ్ ఊపిరితిత్తులకన్నా కాస్త పైన ఉంటుంది, పీల్చడం బరువవుతుంది. వెల్లకిలా తిరిగితే గాలి తనే వచ్చి నోట్లో పడుతుంది. గొట్టంలో నీరు చేరితే ఎడమవైపుకు ఒరిగి గట్టిగా ఊదాలి, ఎడమ గొట్టం గుండా పోతుంది. గాభరాగా పీలిస్తే ఇది ఒప్పుకోదు. నిదానంగా, నిండుగా పీల్చడం నాకు దీనితోనే అబ్బింది. బుడగలు తల వెనక లేస్తాయి కాబట్టి చెవుల దగ్గర గోల ఉండదు, కెమెరాకు అడ్డం రావు, చేపలు బెదరవు. 1952లో ఆస్ట్రేలియాలో టెడ్ ఎల్‌డ్రెడ్ ఒంటి గొట్టం రెగ్యులేటర్‌ను అమ్మకానికి తెచ్చాక లోకం అటు మళ్లింది. ఈ నిశ్శబ్దం మాత్రం పాతదాని దగ్గరే ఉండిపోయింది.

అప్పటి డైవర్లలో చాలామందికి గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ కూడా ఉండేది కాదు. సిలిండర్‌కు జె-వాల్వు ఉండేది. గాలి సుమారు 20 వాతావరణాలకు తగ్గేసరికి అందులోని స్ప్రింగు దారి బిగిస్తుంది, ఊపిరి బిగుసుకుంటుంది. అప్పుడు నడుము దగ్గరి కడ్డీని కిందికి లాగితే మిగిలిన గాలి అందుతుంది. ఆ కడ్డీ ముందే కిందికి జారి ఉంటే ఆ నిల్వ లేనట్టే. అందుకే దిగేముందు జతగాడు చేత్తో తడిమి చూడాలి.

నేటి డైవర్ దీన్ని వాడాలంటే గేజ్ తప్పనిసరిగా కలుపుకోవాలి. ఎండి పగిలిన రబ్బరు పొరలు, గొట్టాలు మార్చాలి. వాటికి బదులు సిలికాన్‌వి ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇత్తడి శరీరం మాత్రం శుభ్రం చేసి వాడుకుంటే తరాలు నిలుస్తుంది. పాత సిలిండర్ సంగతి వేరు. హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడి పరీక్ష) గడువు దాటినదాన్ని ఎవరు చెప్పినా నింపకూడదు. 6351 రకం అల్యూమినియంతో చేసిన పాత సిలిండర్లు మెడ దగ్గర పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది, వాటిని అలంకారానికే ఉంచాలి. మొదటి ప్రయత్నం తెలిసిన శిక్షకుడి సమక్షంలో, లోతులేని కొలనులోనే చేయాలి.

నేను మునిగే విశాఖ తీరానికీ డైవర్ల చరిత్ర ఉంది. 1971 డిసెంబరులో ఆ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని మన నౌకాదళ డైవర్లే నీళ్లలోకి దిగి గుర్తించారు. అప్పట్లో వారికి అండగా నిలిచిన నౌక పేరు నిస్తార్. అదే పేరుతో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నౌక 2025 జూలైలో విశాఖలోనే నౌకాదళంలో చేరింది. నౌకలకు పేర్లు మళ్లీ పెట్టుకుంటున్నాం, ఆనాటి పనిముట్లను మాత్రం పట్టించుకోవడం లేదు.

మీ ఇంట్లో తాతగారో పెదనాన్నగారో నౌకాదళంలోనో ఓడరేవులోనో డైవర్‌గా పనిచేసి ఉంటే, ఒకసారి అటక మీద చూడండి. పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి డబ్బా, ముడతల గొట్టాలు కనిపిస్తే తూకానికి వేయకండి. దాన్ని వాడినవారు ఇంకా ఉంటే పక్కన కూర్చుని, ఎలా వాడేవారో అడిగి రాసిపెట్టండి.