దోషము అక్షరానిదా, లైబ్రరీదా?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ప్రపంచవార్త అయినది. ఐఫోనుకు వచ్చిన సందేశములో ఆ అక్షరమున్నచో దానిని చూపవలసిన ప్రోగ్రాము చటుక్కున మూతపడినది. మరల తెరచిన మరల మూతపడినది. ఒక తెలుగు అక్షరము ఫోన్లను చెడగొట్టుచున్నదను మాట కొద్దిదినములలోనే దేశదేశముల వ్యాపించినది. ఆ మాట చాలమందికి నేటికిని జ్ఞాపకమున్నది. కాని అది నిజమా? విజ్ఞానశాస్త్రము నేర్చువారు తప్పక పరిశీలింపదగిన ప్రశ్న ఇది.

ముందుగా, కంప్యూటరు తెరమీద అక్షరమెట్లు ఏర్పడునో తెలిసికొనవలెను. హైదరాబాదు పాతబస్తీలోని ఛత్తాబజారు ఇందుకు చక్కని ఉదాహరణము. పెండ్లిపత్రికల అచ్చుకు, ఉర్దూ లేఖకులైన కాతిబులకు ఆ వీధి పేరుపొందినది. కాతిబు కలము పట్టి వ్రాయునప్పుడు అక్షరపు వంపు, పొడవు, కలయిక అన్నియు అతని చేతిలోనే యుండును. ఆ పని కంప్యూటరుకు మారిన తరువాత సంగతి వేరైనది. పత్రికను కూర్చు ప్రోగ్రామునకు స్వయముగా అక్షరము గీయుట రాదు. అక్షరరూపములను ఫాంటు అను ఫైలునుండి తెచ్చుకొనును. వాటిని కలిపి పేర్చు పనిని మరియొక ప్రోగ్రాము భాగమునకు అప్పగించును. పాతపద్ధతి తెలుగు ఫాంటుతో కూర్చిన శుభలేఖను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. శుభలేఖ చెడలేదు, అది ఆధారపడిన వస్తువు అక్కడ లేదు, అంతే.

ఇట్లు ఇతరులు వ్రాసి సిద్ధపరచగా అనేక ప్రోగ్రాములు వాడుకొను భాగముల సంపుటినే లైబ్రరీ అందురు. ఊరిలో ఒక పిండిమర యున్నదనుకొనుడు. పది ఇండ్లవారు అక్కడనే గోధుమలు ఆడించుకొందురు. ఏ ఇంటివారును తిరుగలి పెట్టుకొననక్కరలేదు, అది సౌకర్యము. కాని మరరాయి పెచ్చులూడిన నాడు పది ఇండ్ల రొట్టెలలోను ఇసుక తగులును. వంట చేసినవారిని నిందించిన లాభమేమి?

ఇప్పుడు ఐఫోను సంగతి చూతము. ఆ చిక్కు తెచ్చినది కేవలము ‘జ్ఞా’ అను అక్షరము కాదు. జ, పొల్లు, ఞ అను మూడింటి తరువాత కంటికి కనబడని ఒక విడదీయు గుర్తు, దానిపైన దీర్ఘము: ఈ ఐదును ఈ వరుసలో రావలెను. ఆ గుర్తు దుష్టమైనదేమియు కాదు. ‘హైదరాబాద్‌లో’ అని వ్రాయునప్పుడు ‘ద’కు ‘ల’ వత్తుగా చేరకుండ ఆపునది అదే. మామూలుగా వ్రాయు ‘జ్ఞానము’, ‘విజ్ఞానము’ అను మాటలలో ఈ గుర్తు లేదు. వాటివలన ఏ ఫోనుకును హాని కలుగలేదు. కనుక ‘తెలుగు అక్షరము’ అను వర్ణనయే సరియైనది కాదు. దేవనాగరి, బెంగాలీ లిపులలో కూడ ఇటువంటి వరుసలు కొన్ని ఇదే చిక్కు తెచ్చినవని పరిశీలించినవారు కనుగొనిరి. నింద మాత్రము తెలుగు ఒక్కదానిమీదనే పడినది.

మరి దోషమెక్కడ? మూడు పరీక్షలవలన అది తేలును.

మొదటిది: వేరువేరు సంస్థలు వ్రాసిన పలు ప్రోగ్రాములు ఒకే వరుస దగ్గర మూతపడినవి. అందరు ప్రోగ్రాము రచయితలును ఒకే తప్పు చేసిరనుట నమ్మదగినది కాదు. అందరును వాడుకొన్న ఉమ్మడి వస్తువును అనుమానింపవలెను. ఆ ఉమ్మడి వస్తువు అక్షరములు పేర్చు ‘కోర్‌టెక్స్ట్’ అను లైబ్రరీ.

రెండవది: అదే వరుసను ఆండ్రాయిడ్ ఫోన్లకు పంపినప్పుడు అవి మూతపడలేదు. అక్షరము మారలేదు, లైబ్రరీ మారినది, ఫలితము మారినది. కావున అక్షరము నిర్దోషి.

మూడవది మిక్కిలి ముఖ్యము. నాడు ప్రజలచేతిలోనున్న ఐఓఎస్ 11.2.5 వెర్షనులో చిక్కు కలదు. అప్పటికే పరీక్షార్థము విడుదలయైన 11.3 వెర్షనులో అది కనబడలేదు. ఫోను అదే, అక్షరము అదే. వెర్షను మాత్రమే వేరు.

ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దోషమును సవరించినది. కోర్‌టెక్స్ట్‌లో జ్ఞాపకస్థానము చెడుచుండెననియు, వచ్చు అక్షరములను మరింత జాగ్రత్తగా పరీక్షించునట్లు సరిచేసితిమనియు ఆ సంస్థయే ప్రకటించినది. త్వరగా సవరించినందుకు మెచ్చుకొనవలసినదే. అయినను పరీక్షా వెర్షనులో లేని దోషము ప్రజల ఫోన్లలో గగ్గోలు పుట్టువరకు మిగిలియుండుట మెచ్చదగినది కాదు. కోట్లాదిమంది వ్రాయు లిపులను విడుదలకు ముందే సంపూర్ణముగా పరీక్షింపవలదా? మరియొక సంగతి: సవరణ వచ్చినంతమాత్రమున దోషము లోకమునుండి పోదు. పాత వెర్షను మార్చుకొనని ఫోనులో అది అట్లే యుండును.

అట్లని ‘ఎల్లప్పుడును క్రొత్తది పెట్టుకొనుడు’ అను సలహాయే చాలునా? అదియు సగము సత్యమే. 2021 డిసెంబరులో ‘లాగ్‌ఫర్‌జె’ అను లైబ్రరీలో పెద్ద లోపము బయటపడినది. జావా భాషలో వ్రాసిన అసంఖ్యాకమైన ప్రోగ్రాములు దానిని వాడుచుండెను. సవరించిన 2.15 వెర్షను వచ్చినది, అది చాలలేదు. 2.16 వచ్చినది, అందులోను వేరొక లోపము కనబడి 2.17 తేవలసివచ్చినది. తమ ప్రోగ్రామునందు ఏ లైబ్రరీ, ఏ వెర్షను ఉన్నదో వ్రాసిపెట్టుకొనని సంస్థలకు, మార్చవలసినదెక్కడ నున్నదో వెదకుటయే పెద్దపని అయినది. ఒక లైబ్రరీ లోపల మరియొక లైబ్రరీ దాగియుండుట ఇందుకు కారణము.

దీనినిబట్టి విద్యార్థి గ్రహింపవలసిన పద్ధతి తేటపడుచున్నది. నిన్న నడచిన ప్రోగ్రాము నేడు నడువనప్పుడు వెంటనే దానిని దిద్దబూనరాదు. తెరమీది దోషసందేశమును చివరివరకు చదువవలెను. ఏ లైబ్రరీ పేరు అందులో నున్నదో గుర్తింపవలెను. నడచుచున్న కంప్యూటరులోని వెర్షన్లను, నడువని కంప్యూటరులోని వెర్షన్లను ప్రక్కప్రక్కన వ్రాసి పోల్చవలెను. పిమ్మట ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో ఏది గుణమిచ్చినదో తెలియదు. రసాయనశాలలో సీసామీద పేరు, తేదీ లేని ద్రవమును ఏ ఉపాధ్యాయుడును వాడనీయడు. ప్రోగ్రాము వాడు ప్రతి లైబ్రరీకిని అట్టి చీటీయే కావలెను. ప్రోగ్రాము వ్రాయుట నేర్పు రోజుననే ఈ పట్టిక వ్రాయుటయు నేర్పవలెను.

తెలుగు అక్షరముపై పడిన నింద లోకమునకు చిన్నదిగా తోచవచ్చును. కాని కంటికి కనబడిన దానినే కారణమనుకొనుట విజ్ఞానమునకు పెద్ద శత్రువు. ఆ వారములో తెరమీద కనబడినది అక్షరము. తప్పినది దాని వెనుకనున్న లైబ్రరీ. ఈ రెంటిని వేరుచేసి చూడగలుగుటయే పరీక్షకుని మొదటి గుణము.