జీలకర్ర బెల్లానికి ఏ లెన్స్?

పెళ్లి ఫొటోల పనిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్లు ఎప్పుడు కలిసినా అడిగేది ఒకటే: “అన్నా, 20 వేలున్నాయి. ఏ లెన్స్ తీసుకోమంటావ్?” పేరు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. “జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నువ్వెక్కడ నిలబడతావ్ తమ్ముడూ?”

ఆ జవాబును బట్టే లెన్స్ అని నా గట్టి నమ్మకం. మన మండపంలో ఫొటోగ్రాఫర్‌కంటూ ఎవరూ చోటు ఉంచరు. పీటల ముందు కొబ్బరి బొండాలు, తలంబ్రాల పళ్లేలు, ఓ పక్క పంతులుగారు, మరో పక్క వీడియో లైటు, వెనక ఫోన్లు ఎత్తిపట్టుకున్న చుట్టాలు. ముహూర్తం దగ్గర పడేకొద్దీ మండపం ఎక్కేవాళ్లే గానీ దిగేవాళ్లుండరు. ఆఖరికి మనకు మిగిలేది వధూవరులకు ఆరేడు అడుగుల దూరంలో కాళ్లు రెండూ ఆనేంత జాగా. అడ్డుతెర దించేదాకా అక్కణ్నుంచి కదలడానికి లేదు.

చవకలో ముందుగా వినిపించే పేరు 50 ఎంఎం ఎఫ్ 1.8. మంచి లెన్స్, నాకూ చాలా ఇష్టం. కానీ కొత్తవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండేవి క్రాప్ సెన్సార్ బాడీలు. ఆ బాడీకి 50 బిగించి రెండు మీటర్ల దూరం నుంచి చూస్తే, అడ్డంగా కనిపించేది మూడడుగుల వెడల్పే. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టి కూర్చున్న ఇద్దరు అందులో పట్టరు. మోచేతులు తెగిపోతాయి. పెళ్లికూతురి వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటున్న మేనమామ ఫ్రేములోకే రాడు. అదే చోటు నుంచి 35 ఎంఎం అయితే నాలుగడుగుల పైచిలుకు, 17 ఎంఎం అయితే తొమ్మిదడుగులు. ఆ తొమ్మిదడుగుల్లో మొత్తం మండపం ఉంటుంది.

వెడల్పే కావాలంటే కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది కదా అంటారు. ఉంది, వెలుతురు దగ్గరే చిక్కు. జూమ్ చేసి 55కి వెళ్లేసరికి అది ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు. ఎఫ్ 2.8 దానికి నాలుగింతల వెలుతురు లోపలికి పంపుతుంది, ఎఫ్ 1.8 తొమ్మిదింతలకు పైగా. లెక్క మండపంలో ఎలా తేలుతుందో చూడండి. రాత్రి ముహూర్తం, డెకరేషన్ బల్బుల వెలుగు. మూడు ముళ్లు వేస్తున్న వరుడి వేళ్లు కదులుతూనే ఉంటాయి. కిట్ లెన్స్‌తో షట్టర్ సెకనులో 40వ వంతు దగ్గర ఆగితే ఆ వేళ్లు అలుక్కుపోతాయి. అదే ఐఎస్ఓలో ఎఫ్ 2.8 మీకు 160వ వంతు ఇస్తుంది, పసుపుతాడు పోగులతో సహా ముడి నిలుస్తుంది. అలాగని కిట్ లెన్స్ అమ్మేయకండి. ఫ్లాష్ వేసి, ఎఫ్ 8 పెట్టి, స్టేజీ మీద మూడు వరుసల బంధువుల్ని తీయడానికి అది చక్కగా సరిపోతుంది.

అందుకే 20 వేలతో వచ్చినవాళ్లకి నేను చెప్పేది సెకండ్ హ్యాండ్ 17-50 ఎఫ్ 2.8. టామ్రాన్ 2006లో క్రాప్ బాడీల కోసం తెచ్చిన లెన్స్ అది, సిగ్మాలోనూ అదే కొలత ఉంది. అందరూ మిర్రర్‌లెస్‌కి మారుతుండడంతో డీఎస్ఎల్ఆర్ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నాయి. ఎఫ్ 1.8 అంత తెరుచుకోదే అని బెంగ అక్కర్లేదు. 50ని పూర్తిగా తెరిచి రెండు మీటర్ల దూరంలో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు జానెడులో సగం. తలంబ్రాలు పోసుకునేటప్పుడు పెళ్లికూతురి కళ్లు మెరుస్తాయి, పెళ్లికొడుకు మసకబారతాడు. ఆల్బమ్ విప్పి చూసేది రెండిళ్ల వాళ్లూ! 35 దగ్గర ఎఫ్ 2.8లో ఆ లోతు జానెడున్నర, ఇద్దరూ నిలబడతారు. 50ని రెండో లెన్స్‌గా కొనుక్కోండి. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు, బుగ్గచుక్క పెడుతున్న అమ్మమ్మ ముఖానికి దాన్ని మించింది ఆ ధరలో లేదు.

సెకండ్ హ్యాండ్ బేరానికి మీ బాడీ వెంట తీసుకెళ్లండి. నికాన్‌వాళ్లు మరీ జాగ్రత్త: 50 ఎంఎం ఎఫ్ 1.8డి చవకగా కనిపిస్తుంది గానీ దానిలో మోటార్ ఉండదు. డీ3500, డీ5600 లాంటి బాడీల్లోనూ ఉండదు కాబట్టి ఆటోఫోకస్ పనిచేయదు. రింగు తిప్పుతూ కూర్చుంటే తాళి కట్టేస్తారు. తర్వాత, అపెర్చర్ పూర్తిగా తెరిచి వెనక నుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. కాకినాడ, మచిలీపట్నం వైపు గాలిలో తేమకి ఇది మామూలే. ఎంత తగ్గించినా ఆ లెన్స్ వద్దు. పైన గీతలుంటే నేను పట్టించుకోను, ఫొటోలో కనపడవు.

నా మాట మీదే కొనేయకండి. మీరు కిట్ లెన్స్‌తో తీసిన పాత పెళ్లి ఫొటోలు కంప్యూటర్లో తెరవండి. ఎన్ని ఎంఎం దగ్గర తీశారో ప్రతి ఫైలు వివరాల్లోనూ ఉంటుంది. ముహూర్తం ఫొటోలు ఎక్కువగా 18కీ 30కీ మధ్యనే ఉంటే 17-50 వెతకండి. పెద్ద కన్వెన్షన్ హాల్లో దూరంగా నిలబడి తీసే అలవాటుండి, అన్నీ 50 దాటే ఉంటే మీకు 50 గానీ 85 గానీ సరైనది. ఏదైనా సరే, ముందు ఒక్క పెళ్లికి అద్దెకు తెచ్చుకుని వాడి చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.