ఎవరి లెక్క వారిది

సర్వర్లు ఎక్కడో హైదరాబాదులో ఉంటాయి, వాటిలో నడిచే వర్చువల్ మెషీన్లను (వీఎంలను) కోడుమూరులో కూర్చుని చూసుకుంటాను. ఈ పనిలో తెగని తగువు ఒకటుంది. కుర్ర ఇంజినీరు ఫోన్ చేస్తాడు: "అన్నా, ఈ వీఎం మెమరీ 95 శాతం చూపిస్తాంది. ఇంకో 8 జీబీ ఎక్కిద్దామా?" లోపలికి లాగినై ‘ఫ్రీ’ కమాండ్ కొడితే 16 జీబీలో వాడకం 4, క్యాష్ 10, అవైలబుల్ 11 అని వస్తుంది. రెంటిలో ఏదో ఒకటి తప్పని అతని అనుమానం. రెండూ నిజమే.

ఇక్కడ పొలం ఉన్నవాళ్లకు ఇది చెప్పడం తేలిక. వన్-బీలో ఐదెకరాలుంటుంది. వాన మొహం చాటేసిన ఏడు అడంగల్లో పంట రెండెకరాలకే ఎక్కుతుంది, తక్కినది బీడు. అంతమాత్రాన రికార్డు తప్పని ఎవరూ ఎమ్మార్వో ఆఫీసుకు పోరు.

హోస్టు సర్వర్లో వీఎంలను నడిపే హైపర్‌వైజర్ రాసుకునేది వన్-బీ. వీఎం లోపలి ఓఎస్, అంటే గెస్ట్, చెప్పేది అడంగల్. గెస్ట్ ఒక మెమరీ పేజీని మొదటిసారి తాకినప్పుడు హైపర్‌వైజర్ అసలు ర్యామ్ ఇచ్చి ఖాతాలో వేసుకుంటుంది. ప్రోగ్రాం ముగిశాక గెస్ట్ ఆ పేజీని వదిలేసినా, మామూలుగా ఆ సంగతి బయటికి చెప్పదు. అందుకే బయటి లెక్క ఎక్కడమే గానీ దిగడం అరుదు. విండోస్ అయితే బూటయ్యేటప్పుడే ఖాళీ పేజీల్లో సున్నాలు నింపుతుంది, పని మొదలుకాకముందే అన్నీ తాకినట్టే. లినక్స్ చదివిన ఫైళ్లను క్యాష్‌లో ఉంచుకుంటుంది. అవసరం పడితే వదిలేస్తుంది. ఎంత వదలగలదో అంచనా చెప్పే ‘మెమ్‌అవైలబుల్’ అంకె 2014లో కెర్నల్ 3.14తో వచ్చింది. క్యాష్ సంగతి చూడకుండా 8 జీబీ ఎక్కిస్తే, కొన్నాళ్లకు అదీ ఫైళ్లతో నిండుతుంది.

వీఎంవేర్‌లో ‘యాక్టివ్’ అని మూడో లెక్క ఉంది. కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002 నాటి పేపర్లో దాని పద్ధతి చెప్పాడు: 30 సెకన్లకోసారి ఏవో 100 పేజీలు ఎంచి, వాటిలో గెస్ట్ ఎన్ని తాకిందో చూసి మొత్తానికి అంచనా కట్టడం. నిమ్మళంగా ఉన్న డేటాబేసుకు ఇది బాగా తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి ర్యామ్ కోస్తే నెలాఖరు రిపోర్టుల రోజు డిస్కు మీద భారం పడుతుంది.

బెలూన్‌ది తిరగేసిన కథ. హోస్టులో ర్యామ్‌కు కరువొస్తే గెస్ట్‌లోని బెలూన్ డ్రైవర్ పేజీలు పట్టుకుని హోస్టుకు అప్పజెబుతుంది. లోపల వాడకం పెరిగినట్టుంటుంది, ‘టాప్’లో వెతికితే తిన్న ప్రాసెస్ ఏదీ దొరకదు.

వీఎంకు ర్యామ్ చాలుతోందా అన్నది నేను లోపలే చూస్తాను: అవైలబుల్ ఎంత, స్వాప్ కదులుతోందా అని. హోస్టు మీద ఇంకో వీఎం పడుతుందా అన్నదానికే బయటి లెక్క. కొత్తవాళ్లను అలారం పేరులోనే అది ఎవరి లెక్కో రాయమంటాను. అర్ధరాత్రి ‘మెమరీ 90 శాతం’ అని మెసేజ్ వస్తే నిద్ర పాడు. ‘హోస్టు ఇచ్చింది 90 శాతం’ అని వస్తే పొద్దున చూసుకోవచ్చు.