కట్ చెప్పేది ఎవరు?

"ముద్దు సీన్లో నిజంగానే ముద్దు పెట్టుకుంటారా?" నటిని పెళ్లి చేసుకున్నవాణ్ణి జనం అడగాలనుకునే మొదటి ప్రశ్న ఇదే. మొహమాటపడి అడగనివాళ్లు కూడా మనసులో అడుగుతూనే ఉంటారు. 2001లో వచ్చిన ఫ్రెంచి సినిమా 'మా ఫామ్ ఏత్ యూన్ ఆక్త్రీస్', అంటే 'నా భార్య నటి', మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. సరదా సినిమానే, నవ్విస్తూనే పోతుంది. కానీ చూసిన ప్రతిసారీ ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇంకాస్త ఇరకాటంగా కనిపిస్తుంది.

ఎందుకంటే నిజాయితీగా చెప్తే జవాబు "అవును" అనే. సినిమాలో చావు అబద్ధం, నెత్తురు రంగునీళ్లు, వాన ట్యాంకర్లో వచ్చింది. ముద్దు మాత్రం ముద్దే. పెదాలకి స్క్రిప్టు తెలీదు. కెమెరా ముందు నిజంగా జరిగీ, అబద్ధమని మనం ఒప్పుకునే పని ఇంకేముంది చెప్పండి? భార్యని నమ్మే మొగుడు కూడా తడబడేది ఇక్కడే.

కథ చిన్నది. ఇవాన్ పారిస్‌లో స్పోర్ట్స్ జర్నలిస్టు. భార్య షార్లొట్ పేరున్న నటి. వీధిలో ఆమెని ఆపి పలకరిస్తారు, ఇతను పక్కన నిలబడతాడు. కొత్తగా పరిచయమైనవాళ్లు ఇతన్ని ఉద్యోగం గురించి రెండు ముక్కలు అడిగి, మూడోది ఆమె గురించే అడుగుతారు. ఆమె తెరమీద బట్టలు విప్పుతుంటే, ఇంకొకరి కౌగిట్లో ఉంటే నీకేమీ అనిపించదా అని. అప్పటిదాకా నిజంగానే ఏమీ అనిపించదు. పదిమంది అడిగేసరికి అనిపించడం మొదలవుతుంది. ఇంతలో షార్లొట్ ఒక సినిమా కోసం లండన్ వెళ్తుంది. అందులో ఆమె పక్కన జాన్ అనే పెద్దవయసు నటుడు. ఆడవాళ్ల విషయంలో పేరు మోసినవాడు. ఇక ఇవాన్ యూరోస్టార్ రైలెక్కి పారిస్‌కీ లండన్‌కీ మధ్య తిరగడం మొదలుపెడతాడు. ఆ రోజుల్లో ఆ రైలు లండన్‌లో ఆగేది వాటర్లూ స్టేషన్‌లో. ఒక ఫ్రెంచివాడు ఓడిపోవడానికి దిగాల్సిన స్టేషనే!

ఈ సినిమా రాసిందీ, తీసిందీ, ఇవాన్‌గా వేసిందీ ఇవాన్ అత్తాల్. షార్లొట్‌గా వేసింది షార్లొట్ గేన్స్‌బూర్. ఇద్దరూ నిజజీవితంలో అప్పటికి పదేళ్లుగా జంట. పెళ్లి మాత్రం సినిమాలోనే చేసుకున్నారు, బయట చేసుకోలేదు. పేర్లు కూడా మార్చలేదు. మార్చింది ఒక్కటే: నటుడైన ఇవాన్‌ని స్పోర్ట్స్ జర్నలిస్టుని చేశారు. ఇదేదో చిన్న సర్దుబాటులా ఉంటుంది గానీ, సినిమా కిటుకంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. ఆ మాటకి తర్వాత వస్తాను.

దాంపత్యంలో పుట్టే ఈ రోగానికి తెలుగులో ఒక మంచి మాట ఉంది. అసూయ కాదు, ఈర్ష్య కాదు, అనుమానం. అనుమానపు మొగుడు అంటాం. అదే మాట మన తర్కశాస్త్రంలో ఒక ప్రమాణం పేరు కూడా. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తేల్చుకోవడం అనుమానం. కళ్లారా చూడటం ప్రత్యక్షం. మామూలు అనుమానపు మొగుడికి ప్రత్యక్షం దొరకదు. అందుకే పొగ వెతుక్కుంటాడు: ఫోన్ ఎందుకు ఎత్తలేదు, ఇంత ఆలస్యం ఎందుకయింది, ఎవరితో నవ్వుతోంది. ఇవాన్ కష్టం దానికి తలకిందులు. అతనికి ప్రత్యక్షం కావలసినంత ఉంది. టికెట్ కొనుక్కుంటే పెద్ద తెరమీద చూడొచ్చు. చూసి ఏం లాభం? అది ఋజువు కాదు. అది ఆమె వృత్తి. పొగని మెషిన్‌తో పుట్టించే చోట నిప్పు సంగతి తేల్చడం ఎలా?

దీనికి ఇంకో మెలిక ఉంది. షార్లొట్ ఇంటికొచ్చి "ఏమీ జరగలేదు" అంటుంది. మంచి నటి చెప్పే ఏ మాటయినా నమ్మేలాగే ఉంటుంది కదా! ఆమె ఎంత బాగా నటిస్తే తెరమీద మనం అంత నమ్ముతాం, ఇంట్లో అతను అంత నమ్మలేడు. గొప్ప నటుడు పాత్ర ఉద్వేగాన్ని తను అనుభవించడనీ, చల్లటి బుర్రతో దాన్ని చూపిస్తాడనీ పద్దెనిమిదో శతాబ్దంలోనే దిదెరో వాదించాడు. ప్రేక్షకుడికి అదొక రుచికరమైన సిద్ధాంతం. మొగుడికి రెండు వైపులా వాతే. ఆ కౌగిలిలో ఆమెకి ఏదో అనిపించిందంటే ఒక బాధ. ఏమీ అనిపించకుండానే అంత ప్రేమ చూపించగలదంటే అంతకన్నా పెద్ద బాధ. మరి నాతో ఉన్నప్పుడో?

ఇవాన్ చేసే తెలివైన పని ఒకటే. నటన అంటే ఏంటో తేల్చుకుందామని యాక్టింగ్ క్లాసులో చేరతాడు. బాగా చెయ్యలేడు, సిగ్గుపడతాడు. కానీ అక్కడో కుర్ర విద్యార్థిని (లుడివీన్ సాన్యే) ఇతని మీద మనసు పడుతుంది. ఆ సన్నివేశాల్లో నవ్వొచ్చేదేమిటంటే, సినిమావాళ్ల మధ్య ఏమేం జరుగుతాయోనని రైళ్లెక్కి కాపలా కాసిన మనిషి, తను క్లాసులో కూచున్న నాలుగు రోజులకే ఆ అంచుకి వచ్చి నిలబడతాడు. వేషం వేసుకుంటే నిజం లోపలికి ఎలా జొరబడుతుందో అతనికి ఒంటిమీద తెలుస్తుంది. తెలిసినందువల్ల అనుమానం తగ్గిందా? లేదు. ఇంకో సాక్ష్యం దొరికింది, అంతే.

ఆ భయం ఉత్తదేం కాదు కూడా. షార్లొట్ గేన్స్‌బూర్ తల్లిదండ్రులు జేన్ బిర్కిన్, సెర్జ్ గేన్స్‌బూర్. వాళ్లు కలిసింది 'స్లోగన్' అనే సినిమా సెట్లో, ప్రేమికుల పాత్రలు వేస్తూ. 1969లో ఆ సినిమా వచ్చింది, 1971లో షార్లొట్ పుట్టింది. అత్తాల్, షార్లొట్ కలిసి నటించిన మొదటి సినిమా 1991 నాటి 'ఓ జ్యూ ద్యు మోంద్'. వాళ్లూ దగ్గరయింది ఆ సినిమాతోనే. అంటే సెట్లో ఉత్తుత్తి ప్రేమ నిజమవుతుందా అన్న ప్రశ్నకి ఈ నటి పుట్టుకే ఒక జవాబు, ఈ జంట ఇంకో జవాబు. సినిమాలో ఇవాన్‌ని జర్నలిస్టుని చేయడంతో అత్తాల్ ఈ సంగతి తెలివిగా దాచేశాడు. తను నడిచొచ్చిన తలుపులోంచే ఇంకొకడు వస్తాడేమోనని భయపడే మనిషి కథ ఇది. ఆ తలుపు గురించి మాత్రం సినిమా ఒక్క ముక్క చెప్పదు.

అందరూ గుర్తుపెట్టుకునే సీన్ ఒకటుంది. లండన్ షూటింగులో షార్లొట్ నగ్నంగా నటించాలి. చుట్టూ బట్టలు వేసుకున్న జనం, మధ్యలో తనొక్కతే. ఆమెకి ఇబ్బంది. ఆ ఇబ్బంది పోగొట్టడానికి డైరెక్టరూ, మొత్తం యూనిట్టూ బట్టలు విప్పేస్తారు. కెమెరామన్ దగ్గర్నుంచి లైట్‌బాయ్ దాకా. సరిగ్గా ఆ క్షణానికి ఇవాన్ సెట్లో అడుగుపెడతాడు. హాలు ఘొల్లుమనాల్సిన సీనే. కానీ నవ్వు కిందనున్న లెక్క చూడండి. నగ్నసీన్‌లో అసలు సమస్య నగ్నత్వం కాదు, ఒకరు మాత్రమే విప్పడం. చూసేవాళ్లందరికీ చొక్కా ఉండటం. 2018లో హెచ్‌బీఓ లాంటి సంస్థలు ఇలాంటి సన్నివేశాల కోసం ఇంటిమసీ కోఆర్డినేటర్లని పెట్టుకోవడం మొదలుపెట్టాయి. అంతకు పదిహేడేళ్ల ముందు ఈ సినిమా అదే సమస్యకి ఒక పిచ్చి పరిష్కారం చూపించింది. ఈ సీన్లో షార్లొట్ భయమేంటో ఇవాన్‌కి అస్సలు తెలీదు. అతనికి కనబడేది అతని పీడకల ఒక్కటే. ఆ గదిలో ఆమె పని గురించి పట్టనివాడు అతనొక్కడే అనిపిస్తుంది నాకు.

జాన్ పాత్రకి టెరెన్స్ స్టాంప్‌ని తీసుకోవడం ఇంకో చమత్కారం. 1968లో పసోలీని తీసిన 'తియొరెమా'లో ఒక అపరిచితుడు ఓ పెద్దింటికి వచ్చి పనిమనిషి, కొడుకు, తల్లి, కూతురు, తండ్రి, అందరినీ ఒక్కొక్కరుగా లోబరుచుకుని వెళ్లిపోతాడు. ఆ అపరిచితుడు స్టాంపే. ఆ ముఖం చూడగానే ఐరోపా సినిమా ప్రేక్షకుడికి లోపల గంట మోగుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత అరవై దాటిన స్టాంప్ అదే ఆకర్షణని కాస్త అలిసిపోయి, కాస్త తనమీద తనే నవ్వుకుంటూ చూపిస్తాడు. జాన్ పెద్దగా ప్రయత్నించినట్టు కూడా ఉండడు. అతని పని సగం ఇవాన్ చేసిపెడతాడు. రోజూ ఫోన్ చేసి, రైలెక్కి వచ్చి, "నీకు అతనంటే ఇష్టం కదూ?" అని అడిగి అడిగి, షార్లొట్‌కి అప్పటిదాకా లేని ఆలోచన పుట్టిస్తాడు. అనుమానం చేసే అసలు దుర్మార్గం ఇదే. అది నిప్పుని కనిపెట్టదు, ఊది ఊది రాజేస్తుంది.

పక్కనే ఇంకో కథ నడుస్తుంటుంది. ఇవాన్ తోబుట్టువు నతాలీ (నొయెమీ ల్వొవ్‌స్కీ) కడుపుతో ఉంది. ఆమె యూదు, మొగుడు కాదు. పుట్టేది మగపిల్లాడైతే సున్తీ చేయించాలని ఆమె, వద్దని అతను. ఈ గొడవ అసలు కథకి అతుక్కోలేదని చాలామందికి అనిపించొచ్చు. నిడివి ఎక్కువైందన్నమాట నేనూ ఒప్పుకుంటాను. కానీ రెండు ఇళ్లలోనూ తగవు ఒకటే: ఒకరి ఒంటిమీద ఇంకొకరికి ఎంత హక్కు? పుట్టబోయే బిడ్డ ఒంటి మీద గుర్తు పెట్టే హక్కు ఎవరిది? భార్య ఒంటిని ఎవరు చూడొచ్చో చెప్పే హక్కు ఎవరిది? నతాలీ ఇంట్లో ఆ ప్రశ్న నోరు విడిచి గట్టిగా అరుచుకుంటారు. ఇవాన్ ఇంట్లో అది ప్రేమ వేషం వేసుకుని తిరుగుతుంది.

మనకి తెలిసిన సినిమాల పక్కన పెడితే దీని తేడా తెలుస్తుంది. 1973 'అభిమాన్'లో భర్త బాధ భార్య తనకన్నా పెద్ద గాయని అయిందని. 2018 'మహానటి'లో జెమినీ గణేశన్‌ని కుంగదీసేది కూడా సావిత్రి ఎత్తే. అక్కడ మొగుడికీ పెళ్లానికీ ఒకే మైదానంలో పోటీ. ఇవాన్‌కి ఆ పోటీ లేదు. షార్లొట్ కీర్తి అతనికి కొన్నిసార్లు ముద్దుగానే ఉంటుంది, పనికీ వస్తుంది. అతను భరించలేనిది ఆమె ఎత్తుని కాదు, తను లేనిచోట ఆమెకి ఇంకో జీవితం ఉండటాన్ని. ఆ జీవితాన్ని లోకమంతా చూస్తోంది, తనొక్కడే సరిగ్గా చూడలేకపోతున్నాడు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మాట. తెరమీద ఇవాన్ నిస్సహాయుడు. సెట్లోకి దొంగలా వస్తాడు, ఎక్కడ నిలబడాలో తెలీదు, ఏది నటనో ఏది కాదో పోల్చుకోలేడు. కెమెరా వెనక ఇవాన్ ఎవరు? ఆ సెట్ మొత్తానికి యజమాని. తన భాగస్వామి టెరెన్స్ స్టాంప్‌కి ఎంత దగ్గరగా రావాలో, ఎంతసేపు ఉండాలో, మళ్లీ చెయ్యాలో వద్దో చెప్పేది అతనే. "యాక్షన్" అతనిదే, "కట్" అతనిదే. జాన్‌ని కనిపెట్టింది కూడా అతనే. 2004లో ఇదే జంటతో తీసిన 'ఇల్ స మారియేర్ ఎ యూర్ బోకూ దాంఫాం'లోనూ ఆమె మనసు లాగే పరాయివాణ్ణి మళ్లీ తనే ఎంచుకున్నాడు. ఈసారి జానీ డెప్. అనుమానపడే మనిషి కలగనేది ఇదే కదా: ప్రత్యర్థిని తనే ఎంపిక చెయ్యాలి, కౌగిలి తన కళ్లముందే జరగాలి, తను ఆపమన్నప్పుడు ఆగాలి.

అయితే ఈ సినిమా అనుమానానికి మందా, దాని సంపూర్ణ రూపమా? నన్ను తినేసే ప్రశ్న ఇది. ఒక వైపు, తనని తాను ఇంత వెర్రివాడిగా చూపించుకోవడానికి ధైర్యం కావాలి. ఇవాన్‌ని చూసి జాలిపడమని అత్తాల్ ఎక్కడా అడగడు, నవ్వమంటాడు. తన రోగాన్ని పదిమందిలో నవ్వులపాలు చేసుకున్నవాడికి అది ఎంతో కొంత తగ్గినట్టే. ఇంకో వైపు, గంటన్నర సినిమాలో షార్లొట్ ఒంటరిగా ఏం ఆలోచిస్తుందో మనకి దొరికేది చాలా తక్కువ. ఆమె పనిని ప్రేమిస్తుందా? ఒక మంచి టేక్ అయ్యాక ఆమెకి ఎలా ఉంటుంది? మొగుడి ఫోన్ పెట్టేశాక మళ్లీ పాత్రలోకి ఎలా వెళ్తుంది? ఇవేవీ సినిమా అడగదు. ఇవాన్ అడగడు కాబట్టి అత్తాల్ కూడా అడగడు. టైటిల్లో "నా" అన్న మాట ఊరికే లేదు.

అయినా ఈ సినిమాని కాపాడేది షార్లొట్ గేన్స్‌బూరే. రాయని జాగాల్లో ఆమె ముఖం పని చేస్తుంది. ఇవాన్ ప్రశ్నల వాన కురిపిస్తున్నప్పుడు ఆమె ముందు నవ్వుతుంది, తర్వాత విసుక్కుంటుంది, ఆ తర్వాత ఒక్క క్షణం తనలోకి తను చూసుకుంటుంది, అతను అడిగింది నిజమేనా అన్నట్టు. ఆ క్షణం నటనా, పక్కనున్న మనిషితో పదేళ్లు బతికిన అలవాటా? నాకు తెలీదు. ఎన్నిసార్లు చూసినా తేలలేదు. సినిమా పొడుగునా ఇవాన్‌ని చూసి నవ్వినవాణ్ణి, అక్కడికొచ్చేసరికి నేనూ అతనిలాగే ఆ ముఖంలో ఋజువు వెతుకుతున్నాను.