నీలి కాంతి అణువుల పరిశోధన: దక్షతకు మించిన ప్రశ్న

ఓఎల్‌ఈడీ తెరలకూ దీపాలకూ కావలసిన నీలి కాంతి అణువులపై వెలువడే పత్రాలలో ఒక అలవాటు స్థిరపడింది. అణువును సంశ్లేషించి, ద్రావణంలో దాని ప్రతిదీప్తిని కొలిచి, ఆ అణువు ఓఎల్‌ఈడీకి అనువైనదని ముగించడం ఆ అలవాటు. ఈ నిర్ధారణకు ఆ ఆధారం చాలదు.

1987లో టాంగ్, వాన్ స్లైక్ ప్రకటించిన రెండు పొరల ఓఎల్‌ఈడీ ఆకుపచ్చ కాంతినిచ్చింది. విద్యుత్తుతో ఉత్తేజితమైన అణువులలో గణాంక రీత్యా 25 శాతం సింగ్లెట్, 75 శాతం ట్రిప్లెట్ స్థితిలో ఉంటాయి. సాధారణ ప్రతిదీప్తి అణువు సింగ్లెట్లను మాత్రమే నేరుగా కాంతిగా మార్చగలదు. ఇరిడియం సంక్లిష్టాల స్ఫురదీప్తి ట్రిప్లెట్లనూ వినియోగంలోకి తెచ్చింది. 2012లో అడాచి బృందం ఉష్ణం తోడ్పాటుతో ఆలస్యంగా వెలువడే ప్రతిదీప్తి ద్వారా, భారలోహం లేకుండానే అదే ఫలితాన్ని చూపింది. 2016లో హతకెయామా బృందం బోరాన్, నైట్రోజన్‌లను దృఢమైన చట్రంలో అమర్చి స్వచ్ఛమైన నీలాన్ని సాధించింది.

దక్షత పెరిగినంతగా ఆయువు పెరగలేదు. 620 నానోమీటర్ల ఎరుపు ఫోటాన్ శక్తి 2.0 ఎలక్ట్రాన్ వోల్టులు. 460 నానోమీటర్ల నీలి ఫోటాన్‌కు అది 2.7. ట్రిప్లెట్ ఎక్కువసేపు నిలిచినకొద్దీ మరో ఉత్తేజిత అణువుతోనో, ఆవేశిత అణువుతోనో తారసపడే అవకాశం పెరుగుతుంది. అప్పుడు రెండింటి శక్తీ ఒకేచోట చేరి, బలహీనమైన కార్బన్-నైట్రోజన్ బంధాన్ని తెంచగలదు. ఫోన్ తెరలలో ఎరుపు, ఆకుపచ్చలు స్ఫురదీప్తికి మారిన తరువాత కూడా నీలం చాలాకాలం ప్రతిదీప్తి అణువులపైనే ఆధారపడటానికి ప్రధాన కారణమిదే. ద్రావణంలో తీసిన వర్ణపటం ఈ బలహీనతను చూపదు.

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం (2007), మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం (2008) వంటి కొత్త విద్యాసంస్థల పరిశోధకులకు ఈ చర్చ అవసరం. శూన్యంలో పలుచని పొరలు పరిచి దీపాన్ని తయారుచేసే సదుపాయం ఖరీదైనది. అది ప్రతి రసాయనశాస్త్ర విభాగానికీ అందుబాటులో ఉండదు. అందువల్ల పరిశోధన ఆగనక్కరలేదు, ప్రశ్న మారాలి. తటస్థ స్థితిలోనూ, ఎలక్ట్రాన్ అదనంగా చేరిన స్థితిలోనూ బంధ విచ్ఛేదన శక్తిని కంప్యూటర్‌పై గణించవచ్చు. ఘన పొరలో ప్రతిదీప్తిని కొలవవచ్చు. అతినీలలోహిత కాంతి కింద గంటల తరబడి ఉంచి, అణువు ఎంత క్షీణించిందో నమోదు చేయవచ్చు. ఇవేవీ దీపం ఆయువుకు ప్రత్యామ్నాయం కావు; కానీ ఏ అణువును ముందుకు తీసుకుపోవాలో, దేనిని విడిచిపెట్టాలో చెప్పగలవు.

సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షించేవారు దక్షత సంఖ్యతో పాటు అణువులో ముందుగా తెగే బంధం ఏదని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబిచ్చిన పత్రం, దీపం తయారుచేయకపోయినా, దీపం తయారుచేసేవారికి పనికివస్తుంది.