ఆలోచింపజేయని పుట — గ్రంథ విమర్శ

దరఖాస్తును తప్పుగా నింపిన మనిషి సాధారణముగా తననే నిందించుకొనును. తనకు చదువు చాలదనుకొనునే గాని, ఆ కాగితమును అట్లు కూర్చినవారిని తప్పుపట్టడు. నేడు పరీక్షరుసుము చెల్లించుట, రైలు టిక్కెట్టు కొనుట, విద్యార్థివేతనము కోరుట మొదలైన పనులెన్నో వెబ్ పుటల మీదనే జరుగుచున్నవి. అక్కడ పొరపాటు జరిగినచో అది మనిషిదా, పుటదా? పుటదేనని నిర్మొగమాటముగా చెప్పిన గ్రంథములలో మిక్కిలి ప్రచారము పొందినది అమెరికా దేశస్థుడైన స్టీవ్ క్రూగ్ రచించిన ‘డోంట్ మేక్ మీ థింక్’. ఇది 2000లో వెలువడినది; ఇప్పుడు వాడుకలో నున్నది 2014 నాటి మూడవ కూర్పు.

గ్రంథనామమునకు ‘నన్ను ఆలోచింపజేయకు’ అని అర్థము. ఆలోచనయే కూడదని దీని భావము కాదు. టిక్కెట్టు కొనువాడు తన ప్రయాణమును గూర్చి ఆలోచింపవలెను గాని, తెరమీద ఏది మీటయో ఏది అలంకారమో తేల్చుకొనుటకు శ్రమపడరాదు. ఈ సూత్రమునకు గ్రంథకర్త మూడు పరిశీలనలను ఆధారముగా చూపినాడు. జనులు వెబ్ పుటను చదువరు, పైపైన కన్ను పారింతురు. ఉత్తమమైన దారికై వెదకరు. పనికివచ్చునని తోచిన మొదటి దారినే పట్టుదురు. యంత్రము ఎట్లు పనిచేయునో తెలిసికొనరు. ఏదో విధముగా నెట్టుకొని వత్తురు. రెండవ పరిశీలన క్రూగ్ కనిపెట్టినది కాదు. ‘చాలినంత’తో తృప్తిపడుట మానవ నిర్ణయముల లక్షణమని హెర్బర్ట్ సైమన్ అను శాస్త్రవేత్త 1950 దశకముననే ప్రతిపాదించినాడు. ఆ భావమును వెబ్ పుటకు అన్వయించి, నవ్వించుచు చెప్పుటయే క్రూగ్ నేర్పు.

‘సగటు మనిషి’ లేనే లేడని వాదించిన అధ్యాయము గ్రంథములో మిక్కిలి విలువైనది. పుటను నిర్మించువారు బల్లచుట్టూ కూర్చుండి, జనులకు ఇది నచ్చును, అది నచ్చదు అని గంటలకొలది తర్కింతురు. ఆ ‘జనులు’ ఎవరి ఊహలో వారికి తమవలెనే కనిపింతురు. ఈ తగవు వాదముచేత తీరదు. ఒక మనిషిని కూర్చుండబెట్టి, చేయుటకు ఒక పని ఇచ్చి, చూచినప్పుడే తీరును.

ఇందుకు పుట పూర్తియగువరకు ఆగనక్కరలేదు. తెరను కాగితముపై గీయవచ్చును. పరీక్షకు వచ్చినవాడు గీసిన మీటను వ్రేలితో తాకును. ఒకరు కంప్యూటరుకు బదులుగా కూర్చుండి, తరువాతి తెర గల కాగితమును ముందుంచుదురు. వచ్చినవాడు తన మనసులోని మాటను పైకి చెప్పుచుండును. మరొకరు అతడెక్కడ ఆగెనో వ్రాసికొందురు. ఎవరును సాయము చేయరాదు. సాయంకాలము గీతలు మార్చి, మరునాడు మరల చూడవచ్చును. కాగితము మీది తప్పును రబ్బరు తుడిచివేయును. వేల పంక్తుల ప్రోగ్రాము వ్రాసిన పిమ్మట అదే తప్పును దిద్దుట ఎవరికిని ఇష్టముండదు. వాడువారిని మొదటినుండి గమనించుట, కొలిచి పరీక్షించుట, దిద్ది మరల పరీక్షించుట అను మూడు నియమములను జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ 1985లోనే ప్రకటించిరి. ఈ పని నెలకు ఒక పూటలో, ముగ్గురు మనుష్యులతో ఏ చిన్న సంస్థయైనను చేయగలదని ధైర్యము చెప్పినవాడు క్రూగ్.

అయితే ముగ్గురు చాలుదురా? జేకబ్ నీల్సన్, థామస్ లాండౌవర్ 1993లో ప్రకటించిన లెక్కను బట్టి, ఒక్కొక్క మనిషి సగటున నూటికి 31 లోపములను బయటపెట్టును. కనిపించక మిగులునవి 0.69 వంతు. ముగ్గురి తరువాత 0.69ను మూడుసార్లు గుణింపగా 0.33 వంతు మాత్రమే మిగులును. లెక్క ఆశాజనకమే. కాని 31 అనునది సగటు. అరుదైన లోపమునకు అది వర్తింపదు.

క్రూగ్ గ్రంథము వెలువడిన 2000వ సంవత్సరముననే దీనికొక నిదర్శనము దొరికినది. ఆ నవంబరు 7న జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికలో, ఫ్లోరిడా రాష్ట్రమందలి పామ్‌బీచ్ కౌంటీ అధికారులు, వృద్ధులకు అక్షరములు పెద్దవిగా కనిపించుటకై అభ్యర్థుల పేర్లను ఎదురెదురుగా నున్న రెండు పుటలపై అచ్చువేసిరి. రంధ్రములు పొడుచు చోట్లు నడుమ ఒకే వరుసలో నుండెను. ఎడమ పుటలో రెండవ పేరు గోర్. కాని వరుసలో రెండవ రంధ్రము కుడి పుటలోని బుకానన్‌ది, మూడవది గోర్‌ది. సుమారు 4 లక్షల 60 వేల ఓట్లలో 19 వేలకు పైగా పత్రములు ఒకటికంటె ఎక్కువ రంధ్రములు పడి చెల్లకపోయినవి. అవి అన్నియు ఈ కూర్పు వలననే చెడినవని చెప్పజాలము. కాని రాష్ట్రమంతటిలో తుది ఆధిక్యము 537 ఓట్లు మాత్రమే. అధికారులది సదుద్దేశము; నమూనా పత్రములు ముందుగా ఓటర్లకు పంపబడినవి కూడ. నమూనాను పంపుట వేరు. దానితో ఒక మనిషి ఓటు వేయుచుండగా ప్రక్కన నిలిచి చూచుట వేరు.

చెడిన పత్రములు నూటికి సుమారు నాలుగు. నూటికి నలుగురు తప్పుచేయు చోట, ముగ్గురిని పరీక్షించినచో ఒక్కరైనను తప్పుచేయుట కనబడు అవకాశము నూటికి 12 కంటె తక్కువ. 0.96ను మూడుసార్లు గుణించి, ఒకటి నుండి తీసివేసి విద్యార్థులే దీనిని సరిచూచుకొనవచ్చును. క్రూగ్ పక్షమున ఒక సమాధానము కలదు: తప్పుచేయువారికంటె తడబడువారు ఎక్కువ, ప్రక్కన నిలిచి చూచువానికి ఆ తడబాటే చాలును. ఇది నిజమే. ఐనను, అమ్మకపు పుటలో తప్పిపోయిన లోపము వలన బేరము పోవును. ఓటు పత్రములో, మందుల చీటిలో, విద్యార్థివేతనపు దరఖాస్తులో పోవునది మనిషి హక్కు. ఇట్టి చోట్ల ముగ్గురితో ఆరంభింపవచ్చును గాని ముగింపరాదు. ఈ భేదమును గ్రంథకర్త తగినంత నొక్కి చెప్పలేదు.

పరీక్షకు ఎవరు వచ్చినను దాదాపు సరిపోవుననుట మరొక లోపము. భూతద్దపు బొమ్మను చూడగానే ‘ఇక్కడ వెదకవచ్చును’ అని తెలియుట పుట్టుకతో వచ్చిన జ్ఞానము కాదు. వాడి వాడి నేర్చినది. అలవాటుపడినవారిని మాత్రమే పరీక్షించినచో ఆ బొమ్మ స్వయంవిదితమని తేలును. మొదటిసారి ఫోను పట్టిన వృద్ధురాలికి, ఆంగ్లపు మీటల నడుమ తెలుగు మాత్రమే చదువగలవానికి అది స్వయంవిదితము కాదు. చూపులేనివారి సౌకర్యమును గూర్చి ఒక అధ్యాయమున్నను, అది చివర చేర్చిన అనుబంధమువలె నున్నది.

ఇన్ని చెప్పినను ఈ గ్రంథము చదువదగినది. విషయము సులభము, ఉదాహరణములు సమృద్ధము. కాని పాఠకుడు పేరులోని సూత్రమును కంఠస్థము చేసి ఊరకున్నచో ఫలము లేదు. ఇతరులకు ఏది ఆలోచన లేకుండ బోధపడునో నిర్మాత తానొక్కడే ఆలోచించి తెలిసికొనజాలడు. పరీక్షలను గూర్చిన అధ్యాయములే ఈ గ్రంథమునకు ప్రాణము. వాటిని ముందుగా చదువుట మేలు. పాఠశాలలో దీనికి కంప్యూటరైనను అక్కరలేదు. గ్రంథాలయపు పుస్తకము తీసికొను చీటీని విద్యార్థులు కాగితముపై కొత్తగా గీసి, క్రింది తరగతి పిల్లలచే నింపించి, మౌనముగా చూచినచో చాలును. ఆ మౌనమే కష్టము. ‘అక్కడ కాదు, ఇక్కడ వ్రాయవలెను’ అని నోటివరకు వచ్చిన మాటను మ్రింగి, ఆ పిల్లవాడు తడబడిన గడిని గుర్తుపెట్టుకొనుటయే ఈ విద్యలో మొదటి పాఠము.