లారీకి ఏసీ వచ్చింది, డ్రైవరుకు నిద్ర రాలేదు

లారీ డ్రైవరు కూడా చల్లని క్యాబినులో కూర్చుని బండి నడపాలన్న ఆలోచన మన దేశంలో చట్టరూపం దాల్చడానికి చాలా కాలమే పట్టింది. 2023 జూలైలో ముసాయిదా సిద్ధమైంది, డిసెంబరులో తుది ప్రకటన వెలువడింది. దాని ప్రకారం 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల వాహనాల క్యాబినులో ఎయిర్ కండిషనర్ తప్పనిసరి. మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లన్నీ ఈ తరగతుల్లోకే వస్తాయి. 43 నుంచి 47 డిగ్రీల ఎండలో మన డ్రైవర్లు బండ్లు నడుపుతున్నారని, ఏసీ అంటే ఖర్చు పెరుగుతుందని కొందరు అడ్డు చెప్పారని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ అప్పట్లో అన్నారు. ఆ అడ్డంకి దాటి నిబంధన రావడం సంతోషించదగ్గ విషయమే.

అయితే ఈ నిబంధన పగటిని చూసిందేగాని రాత్రిని చూడలేదు. లారీ ఏసీలోని కంప్రెసర్ సాధారణంగా ఇంజనుకు బెల్టుతో తగిలించి ఉంటుంది. ఇంజను తిరిగితే అది తిరుగుతుంది, ఇంజను ఆగితే అదీ ఆగుతుంది. బండి ఆపి, క్యాబినులోని బల్ల మీద నడుము వాల్చే వేళకు చల్లదనం చేతికందదు. అలసట తీరవలసింది మాత్రం ఆ వేళలోనే గదా!

హజీరాలో ఒక రాత్రి

సూరత్ అనగానే మనకు మరమగ్గాలు, తెలంగాణ నుంచి అక్కడికి వలస వెళ్లిన నేతకార్మికులు గుర్తుకు వస్తారు. ఆ నగరానికి పడమటి దిక్కున, తాపీ నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. ఉక్కు కర్మాగారం, క్రిభ్కో ఎరువుల కర్మాగారం, పెట్రో రసాయనాల కర్మాగారం, సహజవాయువు టెర్మినల్, ఓడరేవు అన్నీ అక్కడ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. 2020 నవంబరు 8న అక్కడి నుంచి ఖంభాత్ సింధుశాఖకు ఆవలి గట్టునున్న ఘోఘాకు లారీలను ఎక్కించుకుపోయే ఓడ కూడా మొదలైంది. ఒక్క ఓడలో 30 లారీలు పడతాయి.

2022లో అదే హజీరాలో ఉక్కు కర్మాగారపు చిట్టెంతో ఆరు వరుసల రోడ్డు వేశారు. మన కేంద్రీయ రోడ్డు పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన ఆ రోడ్డు దేశంలోనే మొదటిది. బరువైన లారీల కింద నలగకుండా ఉండాలంటే రోడ్డులో ఏముండాలో వారు లెక్కగట్టి చూపారు. ఆ లారీలో రాత్రి పడుకునే మనిషికి ఏం కావాలో కూడా అలాగే లెక్కగట్టవచ్చు. పాఠకులు కాగితం, పెన్సిలు తీసుకోండి.

విజయవాడ నుంచి ఉక్కు రేకుల చుట్టల కోసం వెళ్లిన ఒక డ్రైవరును ఊహించుకుందాం. జూన్ నెల. లోడింగు తెల్లవారాక. బయట 30 డిగ్రీల వేడి, గాలిలో 80 శాతం తేమ. క్యాబినులో 26 డిగ్రీలు ఉంటే అతనికి నిద్ర పడుతుందనుకుందాం. అందుకు ఎంత వేడిని బయటకు తోడాలి?

నిద్రపోయే మనిషి ఒంటి నుంచి సుమారు 75 వాట్ల వేడి వస్తుంది. క్యాబిను గోడలు, కప్పు, అద్దాలు కలిపి 15 చదరపు మీటర్లు అనుకుంటే, ఒంటిపొర రేకు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 5 వాట్ల చొప్పున 300 వాట్లు లోపలికి వస్తాయి. ఊపిరికి కావలసిన కొత్త గాలిని చల్లబరచి, దానిలోని తేమను పిండడానికి మరో 250 వాట్లు. సీటు కింద ఇంకా చల్లారని ఇంజను వేడి కూడా కొంత కలుపుకుంటే మొత్తం దాదాపు 700 వాట్లు. ఒక టన్ను ఏసీ తోడగలిగిన వేడి 3,500 వాట్లు. అంటే మన డ్రైవరుకు కావలసింది అందులో ఐదో వంతు మాత్రమే.

మంచి కంప్రెసర్ ఒక వాటు కరెంటు తీసుకుని రెండున్నర వాట్ల వేడిని తోడుతుంది. ఫ్యాన్లతో కలిపి 300 వాట్లు చాలు. ఎనిమిది గంటలకు 2.4 యూనిట్లు.

పదహారు లీటర్ల నిద్ర

ఇప్పుడు ఇదే పనిని ఇంజను నడిపి చేస్తే ఏమవుతుందో చూద్దాం. పెద్ద లారీ ఇంజను నిలబడి ఊరికే తిరిగినా గంటకు 2 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుందాం. బండిని బట్టి ఇది కొంత అటూ ఇటూ అవుతుంది. రాత్రికి 16 లీటర్లు! లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. 2.4 యూనిట్లతో అయ్యే పనికి 160 యూనిట్లు తగలబెట్టినట్టు. దోమ కోసం ఇంటికి నిప్పు పెట్టినట్టు లేదూ! ఈ ఖర్చు భరించే యజమాని ఎవరు? అందుకే ఏసీ ఉన్న బండిలో కూడా డ్రైవరు అద్దాలు దించుకుని, దోమలకూ దొంగలకూ భయపడుతూ పడుకోవలసి వస్తుంది.

డబ్బు ఒక్కటే సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వరుసగా నిలబడిన బండ్లలో ఒకరి పొగ పక్కవాడి ఊపిరి అవుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2008 నుంచి పడక ఉన్న లారీలు సైతం 5 నిమిషాలకు మించి ఇంజనును ఊరికే తిప్పరాదు.

చప్పుడు సంగతి

చల్లదనం ఉన్నా చప్పుడుంటే నిద్ర రాదు. పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మన శబ్దకాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో 45, పారిశ్రామిక ప్రాంతాల్లో 70 డెసిబెల్లు వాటి హద్దు. పారిశ్రామిక ప్రాంతంలో రాత్రిపూట పడుకునేవారు ఎవరూ ఉండరన్న ఊహ ఆ అంకెలో దాగి ఉంది. హజీరా వంటి చోట్ల రోడ్డు పక్కన లారీలలో పడుకునే వారు ఆ పట్టికలో ఏ గడికీ చెందరు.

విదేశాల్లో ఇల్లుబండ్లలో తిరిగే విహారయాత్రికులకూ ఇదే చిక్కు. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో కూడా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే గోల చేయరాదన్న నియమం. అక్కడివారు నేర్చుకున్న పాఠం ఒకటి మనకు పనికివస్తుంది. పెద్ద యంత్రాన్ని కాసేపు జోరుగా తిప్పి ఆపడం కంటే చిన్న యంత్రాన్ని రాత్రంతా నెమ్మదిగా తిప్పడం మేలు. ఫ్యాను వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్లు తగ్గుతుంది. దానికి కావలసిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పైగా మనిషిని లేపేది సన్నటి ఒకే తీరు రొద కంటే, ఆగి మళ్లీ దబ్బున మొదలయ్యే కంప్రెసర్. పెద్ద యంత్రానికి మరో లోపం ఉంది. అది గాలిని త్వరగా చల్లబరచి, తేమ పిండకముందే ఆగిపోతుంది. సముద్రపు గట్టున అది చల్లని ఉక్కపోతనే మిగులుస్తుంది.

ముందు గోడ, తరవాత యంత్రం

వేగం మార్చుకోగల కంప్రెసర్‌తో, బ్యాటరీ మీద నడిచే చిన్న ఏసీలు ఉన్నాయి. వాటిని కప్పు మీద బిగించేటప్పుడు కింద రబ్బరు దిమ్మలు వేయకపోతే రేకు కప్పు డప్పులా మోగుతుంది. ఇక బ్యాటరీ. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని దీనికి వాడితే తెల్లారి బండి కదలదు. కాబట్టి వేరే బ్యాటరీ కావాలి. దాని పరిమాణం తగ్గాలంటే ముందు గోడను సరిచేయాలి.

రేకు లోపలి వైపు ఉష్ణబంధకం అతికించి, అద్దాలకు మందపాటి తెరలు వేస్తే గోడల గుండా వచ్చే 300 వాట్లు సగమవుతాయి. అప్పుడు రాత్రికి 1.9 యూనిట్లు చాలు. 24 వోల్టుల, 100 ఆంపియర్ గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 2.4 యూనిట్లు పడతాయి గనుక అది సరిపోతుంది. మరునాడు బండి నడుస్తుండగా ఆ బ్యాటరీని నింపడానికి అయ్యే డీజిల్ ఇంచుమించు ఒక లీటరు. పదహారు లీటర్లెక్కడ, ఒక లీటరెక్కడ! గోడ పని విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పనివారికి కొత్తగా నేర్పవలసినంత కష్టమైనది కూడా కాదు.

ఈలోగా డ్రైవర్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆగే ముందు చివరి అరగంట బండి ఏసీని గట్టిగా నడిపితే క్యాబినులోని ఇనుము, పరుపు చల్లబడతాయి. ఏసీ వడపోత జల్లెడను దుమ్ము లేకుండా ఉంచితే గాలి నెమ్మదైన వేగంలోనూ బాగా వస్తుంది. ఇంజను నడుపుతూ అద్దాలు మూసి పడుకోవడం మాత్రం వద్దు. పొగగొట్టంలో చిన్న చిల్లున్నా, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పెట్రోలు జనరేటర్‌ను క్యాబిను పక్కన పెట్టుకోవడమూ అంతే ప్రమాదం.

రొయ్యకున్న గౌరవం

కొత్త నిబంధన ఐఎస్ 14618:2022 ప్రమాణం ప్రకారం పరీక్ష జరగాలంటుంది. ఇంజను ఆగాక ఎన్ని గంటలు చల్లగా ఉండాలో, డ్రైవరు తల దగ్గర ఎన్ని డెసిబెల్లు ఉండాలో నిబంధన చెప్పదు. ఆ రెండు అంకెలూ చేర్చాలి. క్యాబిను గోడకు ఉష్ణబంధకాన్ని తప్పనిసరి చేయాలి. లారీలు ఆగే స్థలాల్లో కరెంటు ప్లగ్గులు పెట్టాలి. ఈ చివరిది అసాధ్యమని ఎవరైనా అంటే కంటెయినర్ రేవులోకి తొంగిచూడమనండి. శీతల కంటెయినర్లకు అక్కడ వరుసగా ప్లగ్గులుంటాయి. భీమవరం రొయ్య సున్నకు 18 డిగ్రీలు దిగువన, దారిపొడవునా కరెంటు ఆగకుండా ప్రయాణిస్తుంది. అటువంటి ఒక్క కంటెయినర్‌కు పట్టే కరెంటుతో పదిమంది డ్రైవర్లు హాయిగా నిద్రపోగలరు.

ఇది సుఖం కోసం అడిగే కోరిక అనుకుంటే పొరపాటు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు అనుమతించే హద్దు 0.03 శాతం. తాగి నడిపేవాణ్ణి పట్టుకోవడానికి రోడ్డు మీద పోలీసు యంత్రం ఉంది. నిద్ర లేక నడిపేవాణ్ణి పట్టే యంత్రం అతని దగ్గర లేదు. ఎదురుగా వచ్చే బస్సులో మనమే ఉండవచ్చు.